ఒంటినోటి ల్యాప్‌టాప్, పిన్ని పాత తెర

జూలై 2

పిన్నికి,

పెట్టె తెరవడానికి ముందే ఈ ఉత్తరం చదవాలి. నువ్వు పెట్టెనే ముందు తెరిచి ఉంటావు. సరే, ఇప్పుడైనా కూర్చుని చదువు.

ఇందులో ఉన్న ల్యాప్‌టాప్ కొన్నది కాదు, గెలుచుకున్నది. మా విశ్వవిద్యాలయంలో విభాగాల మధ్య ఏటా జరిగే చర్చాపోటీలో ఈసారి తుది తీర్మానం ఇది: "పాతదాన్ని కాపాడుకోవడం కన్నా కొత్తదాన్ని ఆహ్వానించడమే వివేకం." నాది అనుకూలపక్షం. ఎదుటిపక్షం ఎలక్ట్రానిక్స్ విభాగపు కందిరీగ. వాడి అసలు పేరు క్యాంపస్‌లో ఎవరికీ గుర్తుండదు, కుట్టిన చోటు మాత్రం అందరికీ గుర్తుంటుంది. మొదటి వాక్యంలోనే నన్ను కుట్టబోయాడు: "అధ్యక్షా, నా మిత్రురాలికి కొత్తదంటే అంత ప్రేమ ఉంటే, కనీసం వాదనలైనా కొత్తవి తేవాల్సింది." సభ నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఆగి, వాడి కారణాలను ఒక్కొక్కటిగా విప్పి బల్లమీద పరిచాను. న్యాయనిర్ణేతలు ముగ్గురూ నావైపే మొగ్గారు. బహుమతి పట్టుకుని వేదిక దిగుతుంటే వాడు పక్కకు వచ్చి, "నోరు గెలిచింది, సంతోషం. చెవులెప్పుడు దిగుతాయి పోటీకి?" అన్నాడు. ఓడినవాడి మాటకు జవాబివ్వడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఈ యంత్రం నీది. కాదనడానికి నీకు కారణం లేదు, కారణం ఉన్నా హక్కు లేదు. నీ కంప్యూటర్ కాలిపోయిందని అమ్మ చెప్పింది. పెద్దసారు ఆఫీసు వదిలేశావనీ, గ్రంథాలయంవాళ్లు కొత్త పఠనమందిరానికి నమూనాలు పిలిస్తే సొంతంగా పంపబోతున్నావనీ కూడా చెప్పింది. ఇన్నేళ్లుగా ఆ ఆఫీసులో భవనాలు గీసింది నువ్వు. ప్రతి కాగితం మూలా "రూపకల్పన" అనే గడిలో పడింది మాత్రం పెద్దసారు పేరు. నాకు చదవడం వచ్చిన దగ్గర్నుంచీ ఆ గడిని చూస్తున్నాను. ఈసారి అందులో నీ పేరు పడాలి. గడువు ఆగస్టు పది. పనిముట్టు లేదన్న మాట నీ నోట రాకూడదనే దీన్ని పంపుతున్నాను.

గెలిచినవాళ్లకు చెల్లే అహంకారంతో,
నీ అక్క కూతురు


జూలై 9

లా పాయింటమ్మకు ఆశీస్సులు.

ఉత్తరాన్ని పెట్టె అడుగున పెట్టి "ముందే చదవాలి" అని రాసే తెలివి మన ఇంటిల్లిపాదిలో నీ ఒక్కదానికే ఉంది.

ల్యాప్‌టాప్ చూసి కింద వాటాలో కుట్టుపని చేసే ఆవిడ, "ఇంత పల్చగా ఉందేంటండీ, ఇందులో ఏం పడుతుంది?" అంది. "మా అక్క కూతురి నోరే పట్టింది, ఇంకేం కావాలి?" అన్నాను. నువ్వు ఎలా గెలిచావో మెట్లమీద కూర్చున్న వాళ్లందరికీ చెప్పాను. రెండోసారి చెప్పేసరికి న్యాయనిర్ణేతలు అయిదుగురయ్యారు. గర్వం అలాంటిది, కొలతలు మనిషికి అంత జాగ్రత్తగా ఉండవు.

ఇక అసలు సంగతి. దీనికి ఉన్నది ఒక్కటే నోరు. తిప్పి చూశాను, బొటనవేలితో అంచులన్నీ తడిమాను, ఇంకొకటి దొరకలేదు. ఛార్జరు పెట్టాలన్నా అందులోనే, మానిటర్ పెట్టాలన్నా అందులోనే. తింటే మాట్లాడదు, మాట్లాడితే తినదు. నా బొమ్మల సాఫ్ట్‌వేర్ తెరిస్తే మధ్యాహ్నానికల్లా బ్యాటరీ నీరసించి పడుకుంటోంది. ఛార్జరు పెట్టుకుని దీని తెరమీదే గీద్దామంటే, నా పని ఈ తెరమీద జరిగేది కాదు. నా పాత మానిటర్ లేకుండా నేను గీయను. అందులో చర్చ లేదు. దాని తీగ దీనికి పట్టదు, పట్టించే దారి దొరికినా అప్పుడు ఛార్జరుకు చోటుండదు.

కాబట్టి ప్రస్తుతానికి నీ బహుమతిని మెత్తటి గుడ్డలో చుట్టి అల్మరాలో పెట్టాను. గోడల కొలతలు కాగితంమీద చేత్తో వేసుకుంటున్నాను. పోటీవాళ్లు చేతిబొమ్మలు తీసుకోరట, అదొక్కటే దిగులు.

వేళకు తిను. గెలిచినప్పుడు మరీ ఎక్కువ నవ్వకు, ఓడినవాళ్లు అది గుర్తుపెట్టుకుంటారు.

పిన్ని


జూలై 14

పిన్నికి,

"అల్మరాలో పెట్టాను." నీ ఉత్తరంలో మిగతా వాక్యాలన్నీ ఈ ఒక్కదాన్ని దాచడానికి వేసిన తెరలే. నేను గెలిచి తెచ్చినది గుడ్డలో చుట్టుకుని చీకట్లో పడుకుంది. పాత మానిటర్ మాత్రం బల్లమీద రాజ్యం ఏలుతోంది.

ఫోన్ చేసి అడగవచ్చు. కానీ ఇది తగవు. తాతయ్య పెట్టిన నియమం నీకూ తెలుసు, నాకూ తెలుసు: మన ఇంట్లో తగవు ఫోన్‌లో పడకూడదు, కాగితంమీదే పడాలి. ఫోన్‌లో గొంతు పెద్దదైనవాడు గెలుస్తాడు, కాగితంమీద కారణం పెద్దదైనవాడు గెలుస్తాడు. ఆయన పోయాక కూడా అమ్మా నువ్వూ ఆ నియమం తప్పలేదు. నేనూ తప్పను. ఇది తేలేదాకా మనం ఫోన్‌లో ఆరోగ్యం గురించి మాత్రమే మాట్లాడుకుందాం.

నా వాదన వినిపిస్తాను. నువ్వు "నా మానిటర్" అంటున్నది ఎవరిది? పెద్దసారు ఆఫీసులో కొత్తవి వచ్చినప్పుడు అమ్మేసిన పాత సామాను. ఆ ఆఫీసు గడప దాటి వచ్చిన మనిషి, ఆ ఆఫీసు గాజుపలకను భుజాన మోసుకొచ్చి, అది లేనిదే గీత గీయనంటే, ఆమె నిజంగా ఆ గడప దాటినట్టా? మనుషులు సంకెళ్లను ఎంతకాలం మోస్తారంటే, చివరికి వాటి బరువు లేకపోతే నడక రాదనుకునేదాకా. కొత్త తెరకు నీ కళ్లు అలవాటుపడతాయి, ఒక వారం ఓపిక పట్టు.

అయినా ఎదుటిపక్షానికి అవకాశం ఇవ్వడం చర్చాధర్మం. ఈ ఉత్తరంతోపాటు ఒక అడాప్టర్ పంపుతున్నాను. ఒక కొస ల్యాప్‌టాప్‌లో, రెండో కొస మానిటర్‌కు. కొనేటప్పుడు అంగట్లో అతను, "మానిటర్‌కి ఏ సాకెట్ ఉందమ్మా?" అని అడిగాడు. "మానిటర్‌కి మానిటర్ సాకెట్టే ఉంటుంది," అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు.

నియమబద్ధంగా, కోపంగా,
నీ అక్క కూతురు


జూలై 20

లా పాయింటమ్మకు,

అంగడివాడు ఇంకేమీ అడగలేదంటే ఒప్పుకున్నాడని కాదు, మూసే వేళయిందని.

నీ అడాప్టర్ రెండో కొస హెచ్‌డీఎంఐ అట, పల్చగా, వెడల్పుగా ఉంది. నా మానిటర్ వెనక ఉన్నది వీజీఏ. నీలం రంగు, మూడు వరుసల చిల్లులు, అటూ ఇటూ బిగించే మరలు. కాలికి గాజు తొడిగినట్టుంది మన వ్యవహారం. పైగా నీ అడాప్టర్‌లో ఛార్జరుకు చోటే లేదు. నేను మొదట రాసిన ఇబ్బంది అదే. నువ్వు నా ఉత్తరం చదివి జవాబు రాశావా, రాసి చదివావా?

చేతులు కట్టుకుని కూర్చోలేదు నేను. రెండూ పట్టుకుని వీధి చివర రిపేరు షాపుకు వెళ్లాను. "ఇదీ అదీ కలవాలి," అన్నాను. "వీజీఏ, హెచ్‌డీఎంఐ కలిపేదేగా, ఉందండీ," అని ఒక బుల్లి పెట్టె ఇచ్చాడు. ఇంటికొచ్చి వరసగా తగిలించాను: ల్యాప్‌టాప్, నీ అడాప్టర్, ఈ బుల్లి పెట్టె, మానిటర్. తోకకు తోక కట్టిన గాలిపటంలా తయారైంది. మానిటర్‌లో "సిగ్నల్ లేదు" అన్న గడి ఈ మూలనుంచి ఆ మూలకు ఈదుతూ ఉంది. సాయంత్రందాకా దాన్నే చూశాను. చేపలతొట్టి కొనుక్కున్నా ఇంతకన్నా ప్రయోజనం ఉండేది.

ఇంకొకటి. నా మానిటర్‌ను సామాను అన్నావు. నీకు గీత చూడటం తెలుసు, కొలవడం తెలియదు. తెలియని సంగతిమీద ఇంత గట్టిగా మాట్లాడటం దీనికి ఎవరు నేర్పారా అని ఆలోచించాను. నేనేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

నిన్న పెద్దసారు కబురుచేశాడు. "అమ్మాయ్, ఇంట్లో కూర్చుని ఈ తిప్పలెందుకు? ఇక్కడ రెండు పెద్ద తెరలు ఖాళీగా ఉన్నాయి. వచ్చి పూర్తిచెయ్. ఆఫీసు తరఫున పంపుదాం. కింద 'సహకారం' అని నీ పేరు కూడా వేయిస్తాలే," అన్నాడట. గడువు దగ్గరికొస్తోంది. అసలు పంపకపోవడం కన్నా అది నయమేమోనని ఒక్కో పూట అనిపిస్తోంది. ఆలోచిస్తున్నాను.

పిన్ని


జూలై 24

పిన్నికి,

సహకారం. ఇల్లు కట్టినవాణ్ణి ఇటుకలు అందించాడని పొగిడినట్టు. ఈ మాట విని నువ్వు "ఆలోచిస్తున్నాను" అని రాశావు. ఆలోచించడానికి అందులో ఏముంది?

సాంకేతిక అభ్యంతరానికి ముందు జవాబిస్తాను. వీజీఏనుంచి హెచ్‌డీఎంఐకి కలిపే పెట్టె, హెచ్‌డీఎంఐనుంచి వీజీఏకి ఎందుకు కలపదు? వంతెనమీద ఇటునుంచి వెళ్లిన మనిషి అటునుంచి రాలేడా? కలిపేది కలుపుతుంది. కాబట్టి లోపం పెట్టెలో లేదు, బిగించడంలో ఉంది. మరలు సరిగ్గా తిప్పి మళ్లీ చూడు.

ఇప్పుడు అసలు అభ్యంతరం. మొదట ఒక్క నోరు అన్నావు, తర్వాత నీలం చిల్లులన్నావు, ఆ తర్వాత సిగ్నల్ అన్నావు. ఒక అడ్డంకి తీస్తే ఇంకొకటి పుడుతోంది. ఇన్నాళ్లూ మరొకరి పేరు వెనక గీసిన మనిషికి, సొంత పేరుతో ఓడిపోతానేమోనన్న భయం సహజం. కానీ ఆ భయానికి మానిటర్ అని పేరు పెట్టకు. నీకు ఆ తెర అవసరం కాదు, సాకు.

మెత్తగా రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు.

నీ అక్క కూతురు


జూలై 28

చిరంజీవికి,

సాకు అన్నావు. ఈ ఉత్తరంతో ఈ విషయం ముగిస్తున్నాను. ముగించే ముందు నీకు తెలియనిది చెబుతాను, ఇంకెవరి మీదైనా వాదించేటప్పుడు పనికొస్తుంది.

నా మానిటర్‌మీద నేను బొమ్మను ఒక కొలతకు తెచ్చి ఆపుతాను. ఆ కొలతలో తెరమీద రెండు సెంటీమీటర్లంటే నేలమీద ఒక మీటరు. అప్పుడు నా ప్లాస్టిక్ స్కేలు తీసి గాజుమీద ఆనించి కొలుస్తాను. కంప్యూటర్ అంకెలు చెబుతుంది, నిజమే. కానీ అంకె చూస్తే గది కనిపించదు, స్కేలు ఆనిస్తే కనిపిస్తుంది. మందిరం పొడుగు గోడ ఆ తెరమీద ఈ అంచునుంచి ఆ అంచుకు సరిగ్గా సరిపోతుంది. నీ ల్యాప్‌టాప్‌మీద అదే కొలతకు పెడితే గోడ చివర కిటికీలు బయటే ఉండిపోతాయి. గోడంతా ఒక్క చూపులో ఉండి, దానిమీద స్కేలు ఆనితే తప్ప, కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి కిటికీ గట్టు ఎక్కడ రావాలో నేను తేల్చలేను. నా నమూనా అంతా ఆ గట్టు ఎత్తుమీదే నిలబడి ఉంది.

ఇలా పనిచేయడం ఆఫీసులో నాకెవరూ నేర్పలేదు. నేనే కనిపెట్టుకున్నాను. ఆ తెర అమ్మకానికి పెట్టినప్పుడు అందుకే తెచ్చుకున్నాను. అది పెద్దసారు సంకెల కాదు, ఆ ఆఫీసులో నాదంటూ ఉన్న ఒకే ఒక్క వస్తువు.

ఆగస్టు అయిదున ఆఫీసుకు వస్తానని పెద్దసారుకు చెప్పాను. నీ బహుమతి నీకు తిప్పి పంపే ఏర్పాటు చేస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త.

పిన్ని


ఆగస్టు 1

పిన్నికి,

నీ ఉత్తరం చదివి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. తాతయ్య నియమం అడ్డొచ్చింది. తగవు ముగిస్తేనే ఫోన్ చేయవచ్చు, ముగించాలంటే ఉత్తరం రాయాలి. ఈ నియమం చేసినప్పుడు ఆయన ముందు నాలాంటి మనుమరాలు లేదు.

"సాకు" అన్న మాటను ఉపసంహరించుకుంటున్నాను. దానితోపాటు వంతెననూ, మానిటర్‌కు మానిటర్ సాకెట్టే ఉంటుందన్న నా సిద్ధాంతాన్నీ.

నాకు తెలిసిన ఎలక్ట్రానిక్స్ మనిషి ఒక్కడే. వాడి దగ్గరికి వెళ్లాను. ల్యాబ్ మెట్లమీద కూర్చుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి, "ఇదేంటి, రెండో రౌండా?" అన్నాడు కందిరీగ. మన ఉత్తరాల సంగతి మొదటినుంచీ చెప్పాను. కప్పు కింద పెట్టాడు.

"ల్యాప్‌టాప్ పోర్టు పక్కన ఏ గుర్తు వేసి ఉంది?"

"చూడలేదు."

"ఛార్జరు ఎన్ని వాట్లు?"

"చూడలేదు."

"మానిటర్ వెనక ఏముంది?"

"వీజీఏ. అది పిన్ని రాసింది."

"అంటే సాక్ష్యాలన్నీ ఆవిడ దగ్గరున్నాయి, తీర్పు మాత్రం నువ్వు రాసేశావు."

ఆ మాట ఒప్పుకున్నాను, పిన్నీ. ఈ వాక్యాన్ని అమ్మకు చూపించకు.

ఆ ల్యాప్‌టాప్ గుణగణాలన్నీ వాడికి కంఠతా వచ్చు. తానే గెలుస్తాననుకుని పోటీకి ముందే చదివి పెట్టుకున్నాడట. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. టైప్-సి పోర్టులన్నీ ఆకారంలో ఒకటే, పనితనంలో కావు. కొన్నింటికి తినడమొక్కటే వచ్చు, బొమ్మను బయటికి పంపడం రాదు. నీ దానికి రెండూ వచ్చు, రెండూ ఒకేసారి వచ్చు. నోరు ఒక్కటైనా లోపల దారులు వేరు. వాటిని విడదీయడానికి మధ్యలో ఒక హబ్ కావాలి: ఛార్జరు లోపలికి వచ్చే చోటు ఒకటి, వీజీఏ బయటికి వెళ్లే చోటు ఒకటి ఉన్నది. రిపేరు షాపులో ఇచ్చిన బుల్లి పెట్టె పాత కంప్యూటర్‌ను కొత్త టీవీకి కలపడానికి చేసినది. నీకు కావాల్సింది దానికి ఎదురుదిక్కు. నేను వాడి దగ్గర కూడా వంతెన వాదన వినిపించాను. "వంతెన కాదు తల్లీ, జారుడుబల్ల. పైనుంచి కిందికే," అన్నాడు. నువ్వు మరలు సరిగ్గానే తిప్పావు.

హబ్ ఈ పార్సిల్‌లో ఉంది. కొనేటప్పుడు అంగడివాడు అడగకముందే అన్నీ చెప్పాను. ముందు మానిటర్ తీగను హబ్ నీలం సాకెట్‌లో బిగించు. హబ్ పొట్టితోకను ల్యాప్‌టాప్‌లో పెట్టు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జరునే హబ్‌లో "పీడీ" అని రాసిన రంధ్రంలో పెట్టు. ఫోన్ ఛార్జరు పెట్టకు, హబ్ కూడా కొంత కరెంటు తింటుంది కాబట్టి దాని శక్తి చాలదు.

పెద్దసారు దగ్గరికి వెళ్లమనీ చెప్పను, వద్దనీ చెప్పను. నీ కిటికీ గట్టు ఎంత ఎత్తులో ఉంటుందో మాత్రం తెలుసుకోవాలని ఉంది. అది ఏ మూలగడి ఉన్న కాగితంమీద చూస్తానన్నది నీ చేతిలో ఉంది.

నీ అక్క కూతురు


ఆగస్టు 11

లా పాయింటమ్మకు ఆశీస్సులు.

నిన్న పంపేశాను. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది రాస్తున్నాను, ఉత్తరం మధ్యలో నీకు ఆయాసం రాకుండా.

నీ పార్సిల్ నాలుగో తేదీన వచ్చింది. చెప్పిన వరసలోనే కలిపాను, ఒక్కటి తప్ప. ల్యాప్‌టాప్ ఛార్జరు తీగ గోడదాకా అందలేదు, అందుకని ఫోన్ ఛార్జరు పెట్టాను. నువ్వు వద్దన్నావు కాబట్టి పెట్టి చూడాలని కూడా ఉండింది. ఛార్జింగ్ గుర్తు వెలిగింది, శాతం మాత్రం మెట్లు దిగుతూనే ఉంది. బల్లను గోడదగ్గరికి జరిపి అసలు ఛార్జరు పెట్టాను. శాతం ఆగింది, ఒక క్షణం నిలబడింది, ఎక్కడం మొదలుపెట్టింది. మానిటర్‌మీద బొమ్మ వచ్చింది.

వచ్చిందిగానీ సాగదీసినట్టు వచ్చింది. పక్కపక్కనే ఉన్న సన్నగీతలు కలిసిపోయి ఒక లావుగీత అయ్యాయి, అది కూడా వణుకుతోంది. ల్యాప్‌టాప్ తన కొలతనే దానిమీద రుద్దుతోందని అర్థమైంది. సెట్టింగుల్లో మానిటర్ సొంత కొలత వెతికి పెట్టాను. మానిటర్ కింద అంచున "ఆటో" అన్న మీట నొక్కాను. తెర ఒకసారి కళ్లు చికిలించినట్టు చేసి నిలబడింది. స్కేలు తీసి ఆనించాను. వెంట్రుకవాసి తేడా లేదు.

అయిదో తేదీన నేను ఆఫీసుకు వెళ్లలేదు. సాయంత్రం పెద్దసారే వచ్చాడు. చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడి, "ఏమ్మాయ్, రాలేదే?" అన్నాడు.

"పని నడుస్తోంది సార్. కూర్చోండి."

కూర్చోలేదు. తెర ముందుకు వచ్చి చాలాసేపు చూశాడు. "ఇది మన పాత మానిటరే కదూ? ఇంకా బతికే ఉందా?"

"బతికే ఉందండి. ఇద్దరం ఒకచోటే ఉన్నాం కదా, ఒకళ్లకొకళ్లం అలవాటు."

"కిటికీలు మరీ కిందకి వచ్చాయే."

"కుర్చీలో కూర్చుని చూడండి సార్."

నవ్వి, అప్పుడు కూర్చున్నాడు. తెరవైపు, గోడవైపు, మళ్లీ తెరవైపు చూశాడు. "మేమూ ఒకటి పంపుతున్నాం, తెలుసుగా," అన్నాడు. "తెలుసండి," అన్నాను. "నువ్వు రాకపోతే మాది కాస్త పల్చబడుతుంది." లేచి చెప్పులు వేసుకుంటూ, "ఆ గడిలో నీ పేరు వేసుకున్నావా?" అని అడిగాడు. "అన్నిటికన్నా ముందు అదే వేశానండి. తర్వాతే గోడలు గీశాను," అన్నాను.

ఎన్నికైన నమూనాలవాళ్లు సెప్టెంబరు ఒకటిన గ్రంథాలయ సంఘం ముందు నిలబడి చెప్పాలట. నన్ను పిలిస్తే నువ్వొచ్చి నా తరఫున మాట్లాడతానని మీ అమ్మతో అన్నావట. వద్దు. నువ్వు మాట్లాడితే గెలుస్తాం, కానీ నువ్వు గెలుస్తావు. రా, వెనక కూర్చో. కావాలంటే ఆ కందిరీగను కూడా తీసుకురా, హబ్ గుర్తించిన మనిషి ముఖం చూడాలని ఉంది.

తగవు తేలింది. ఇక ఫోన్ చేయవచ్చు. కానీ ఉత్తరమే రాయి, నీ కోపం కాగితంమీద బాగుంటుంది.

పిన్ని


సెప్టెంబరు 3

పిన్నికి,

మొన్న హాలులో నువ్వు ముందువైపు తిరిగి నిలబడ్డావు, నీ వెనక ఏం జరిగిందో చూడలేదు. అది నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

కుర్చీలు చాలక జనం తలుపుల దగ్గర నిలబడ్డారు. పెద్దసారు ముందువరసలో ఉన్నాడు, ఆయన ఆఫీసు నమూనా చూపడం నీకన్నా ముందే అయిపోయింది. అందులో మెరుపు చాలా ఉంది. కందిరీగ నా చెవిలో, "ఆ గదిలో పుస్తకం తప్ప అన్నీ బాగా కనిపిస్తాయి," అన్నాడు. నువ్వు లేచి నమూనా చూపడం మొదలుపెట్టాక వాడు కూడా ముందుకు వంగి చూశాడు.

అధ్యక్షురాలు కిటికీ గట్టు గురించి అడిగినప్పుడు నువ్వు, "మీరు ఒకసారి వెనక్కి ఆనుకుని కూర్చోండమ్మా, చదువుకునేటప్పుడు కూర్చున్నట్టు," అన్నావు. నువ్వు చూసింది ఆమెను మాత్రమే. హాలులో ఉన్న వాళ్లందరూ, పెద్దసారుతో సహా, వెనక్కు ఆనుకుని కూర్చున్నారు. కుర్చీలన్నీ ఒకేసారి కిర్రుమన్నాయి. గోడకున్న పాత కిటికీ అందరి నెత్తికి పైన ఉంది. అప్పుడు అందరికీ ఒకేసారి అర్థమైంది.

ఆ తర్వాత చివర కూర్చున్న సభ్యుడు ఆ ప్రశ్న వేశాడు: "మీరు చాలాకాలం పెద్దసారు ఆఫీసులోనే పనిచేశారు కదా. ఈ ఆలోచన మీదేనని, ఆయనది కాదని మేమెలా అనుకోవాలి?"

నేను లేచాను. వాక్యం సిద్ధంగా ఉంది, మూడు ఉపవాక్యాలతో, చివర ఒక దెబ్బతో. కుర్చీ చప్పుడు నీకు వినబడి ఉండాలి. నువ్వు వెనక్కు తిరగకుండానే ఎడమ అరచేయి నడుము పక్కన కొంచెం ఎత్తావు, కాగితం ఎగరకుండా అదిమినట్టు. కూర్చున్నాను. కందిరీగ నావైపు చూడకుండా పైకప్పువైపు చూశాడు. వాడిలో అంత మర్యాద ఉందని నేననుకోలేదు.

నువ్వు గొంతు పెంచలేదు. "ఇందులో మీకు నచ్చిన గీత ఏదైనా చూపించండి. అది అక్కడే ఎందుకుందో చెబుతాను. తర్వాత అదే గీత గురించి ఆయన్నీ అడగండి," అన్నావు. వాళ్లు తలుపు చూపించారు, చెప్పావు. అలమరల మధ్య ఖాళీ చూపించారు, ఎదురెదురుగా వచ్చే ఇద్దరు మనుషుల భుజాలతో లెక్కచెప్పావు. అప్పుడు అధ్యక్షురాలు పెద్దసారువైపు తిరిగింది. ఆయన ముఖం నీకు పక్కనుంచే కనిపించి ఉంటుంది. నాకు ఆయన చేతులు కనిపించాయి. ఒళ్లోని కాగితాలను సర్దాడు, మళ్లీ సర్దాడు. లేచి, "నన్ను అడగొద్దండి. అది ఆవిడదే. ఇంతకుముందు నా పేరుమీద మీరు మెచ్చుకున్నవాటిలో కూడా కొన్ని ఆవిడవే," అన్నాడు.

ఆయనమీద నా దగ్గర ఏళ్లతరబడి పోగైన వాదన ఉంది. ఆ వాక్యంతో అది సగం కరిగిపోయింది. మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది, ఇవ్వదలచుకోలేదు.

ఫలితం నీకు తెలిసిందే. కానీ అధ్యక్షురాలు నీ పేరు చదివినప్పుడు నువ్వు తలవంచుకుని తీగలు చుట్టుకుంటున్నావు. అందుకే ఇది నీకు తెలియదు: తలుపు దగ్గర నిలబడ్డ ఒకాయన నన్ను, "ఆవిడ మీకేమవుతారు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన పక్కనున్నావిడకు చెప్పాడు, ఆవిడ ఇంకొకరికి. వాళ్లందరూ నావైపు చూశారు, నేనే ఆ గోడ గీసినట్టు. నేను వాళ్లను సరిదిద్దలేదు.

చివర్లో అధ్యక్షురాలు సభవైపు తిరిగి ఎవరైనా మాట్లాడదలచుకుంటే చేయి ఎత్తమంది. ఆ మాట విని నేను చేయి ఎత్తకపోవడం ఇదే మొదటిసారి. చప్పట్లకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.

నీ అక్క కూతురు